డిజిటల్ ఫోను లైనుకు కార్డా, గేట్‌వేనా? కొనే ముందు ఎలా తేల్చుకోవాలి

వ్యాపారానికి కొత్త ఫోను వ్యవస్థ పెట్టాలనుకునేవారిలో చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీ కార్డు మంచిది?" అని. వచ్చే లైను ఏ రకమో తెలియదు, ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయో లెక్క లేదు. అయినా నాలుగు పోర్టుల కార్డుకు కొటేషన్ మాత్రం కావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది వ్యవహారం. పరికరం పేరు చివర్లో తేలాలి. అంతకంటే ముందు రెండు విషయాలు కాగితం మీదికి రావాలి: రద్దీ గంటలో మీకు ఒకేసారి ఎన్ని కాల్స్ ఉంటాయి, టెలికాం సంస్థ మీ ఆవరణలో ఇచ్చే లైను ఖచ్చితంగా ఎలాంటిది. ఈ రెండూ తేలితే మార్కెట్‌లో ఉన్న పరికరాల్లో ముప్పాతిక వంతు మీకు పనికిరావని వాటంతటవే పక్కకు పోతాయి.

ఇక్కడ డిజిటల్ లైను అంటున్నది ఒకే లైను మీద ఎన్నో కాల్స్ మోసే ఈ1, టీ1 లైన్లను, వాటి మీద నడిచే పీఆర్ఐ సేవను (సిగ్నలింగ్‌కు ఒక ఛానల్ విడిగా కేటాయించే సేవ ఇది). ఈ1 వేగం సెకనుకు 2.048 మెగాబిట్లు. అందులో 32 టైమ్‌స్లాట్లు, అంటే ఛానళ్లు, ఉంటాయి. ఒకటి సింక్రనైజేషన్‌కు, ఒకటి సిగ్నలింగ్‌కు (కాల్ కుదిర్చే, ముగించే సంకేతాలకు) పోగా మాటలకు 30 మిగులుతాయి. టీ1 వేగం 1.544 మెగాబిట్లు, ఛానళ్లు 24. పీఆర్ఐగా తీసుకుంటే మాటలకు 23. ఉత్తర అమెరికా, జపాన్ టీ1 బాటలో వెళ్లాయి, మిగతా ప్రపంచంలో ఎక్కువ భాగం ఈ1 బాటలో. ఈ లైనుకూ మీ ఐపీ పీబీఎక్స్‌కూ (ఆఫీసు ఫోన్లను కంప్యూటర్ నెట్‌వర్క్ మీద కలిపే వ్యవస్థకూ) మధ్య నిలబడేదే మీరు కొనబోయే పరికరం. అది సర్వర్ లోపల బిగించే కార్డు కావచ్చు, బయట విడిగా ఉండే గేట్‌వే కావచ్చు.

1. ముందు కాల్స్ లెక్క తీయండి

ఉద్యోగుల సంఖ్యను బట్టి లైన్లు కొనకండి. వంద మంది పనిచేసే డిజైన్ సంస్థకు పది ఛానళ్లు కూడా ఎక్కువే కావచ్చు. పాతిక మంది ఉన్న కాల్ సెంటర్‌కు ముప్పై చాలకపోవచ్చు. మీకు కావలసింది రద్దీ గంట లెక్క. పాత వ్యవస్థ నుంచి కొన్ని వారాల కాల్ రికార్డులు తీసి, ఏ గంటలో ఎక్కువ రద్దీ ఉందో చూడండి. ఆ గంటలో నడిచిన మొత్తం కాల్ నిమిషాలను 60తో భాగిస్తే వచ్చేది ఎర్లాంగ్‌లలో మీ ట్రాఫిక్. ఈ కొలతకు ఆ పేరు కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు ఎ.కె. ఎర్లాంగ్ మీదుగా వచ్చింది. ఆయన 1917లో ప్రచురించిన సూత్రంతోనే నేటికీ లైన్లు లెక్క కడుతున్నారు.

రద్దీ గంటలో 120 కాల్స్, ఒక్కోటి సగటున 4 నిమిషాలు అనుకుందాం. మొత్తం 480 నిమిషాలు, అంటే 8 ఎర్లాంగ్‌లు. దానర్థం 8 ఛానళ్లు చాలని కాదు. కాల్స్ ఒకదాని వెనుక ఒకటి బుద్ధిగా వరుసలో రావు. ఒక్కోసారి నిమిషంలో ఆరు వస్తాయి, ఒక్కోసారి అయిదు నిమిషాలు ఒక్కటీ రాదు. నూటికి ఒక కాల్‌కు మించి ఎంగేజ్ టోన్ వినిపించకూడదనుకుంటే ఆయన సూత్రంతో తయారైన ఎర్లాంగ్-బి పట్టిక ప్రకారం ఈ 8కి 15 ఛానళ్లు కావాలి. అదే నాణ్యతతో 30 ఛానళ్ల ఈ1 ఒకటి సుమారు 20 ఎర్లాంగ్‌లు మోస్తుంది. రెండు ఈ1లు కలిపి 60 ఛానళ్లను ఒకే గుంపుగా వాడితే మోసేది 40 కాదు, దాదాపు 47. ఛానళ్ల గుంపు పెద్దదయ్యే కొద్దీ ఒక్కో ఛానల్ ఖాళీగా కూర్చునే సమయం తగ్గుతుంది. అందుకే "ఈ లైను వచ్చే కాల్స్‌కు, ఆ లైను వెళ్లే కాల్స్‌కు" అని విడదీసి పెట్టుకోవడం డబ్బు వృథా. గట్టి కారణం ఉంటే తప్ప అన్నీ ఒకే ట్రంక్ గ్రూపులో (లైన్ల గుంపులో) పెట్టండి.

ఈ లెక్కలో తరచూ తప్పిపోయేవి కొన్ని ఉన్నాయి. క్యూలో సంగీతం వింటూ ఎదురుచూసే కస్టమర్ కూడా ఒక ఛానల్ పట్టుకునే ఉంటాడు. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే రికార్డెడ్ గొంతు వినే సమయమూ అంతే. బయటి నుంచి వచ్చిన కాల్‌ను ఉద్యోగి మొబైల్‌కు ఫార్వర్డ్ చేస్తే ఆ ఒక్క సంభాషణకు రెండు ఛానళ్లు పోతాయి: లోపలికి ఒకటి, బయటికి ఒకటి. అమ్మకాల సిబ్బంది రోజంతా బయట తిరిగే సంస్థల్లో లైన్లు చాలకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. కాబట్టి మాట్లాడిన నిమిషాలు కాకుండా ఛానల్ పట్టుకున్న నిమిషాలు లెక్కపెట్టండి.

2. టెలికాం సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాల్సినవి

అమ్మకాల ప్రతినిధి "పీఆర్ఐ ఇస్తాం సార్" అంటే సరిపోదు. సాంకేతిక విభాగం నుంచి ఈ కింది సమాధానాలు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

- లైను ఈ1 రకమా, టీ1 రకమా? సిగ్నలింగ్ పీఆర్ఐ పద్ధతిలో ఉంటుందా, పాత ఆర్2 పద్ధతిలోనా?
- మొత్తం ఛానళ్లు తెరుస్తారా, కొన్నే తెరుస్తారా? తర్వాత పెంచాలంటే ఎన్ని రోజులు పడుతుంది?
- ఈ1 అయితే సీఆర్‌సీ4 (లైనులో తప్పులు పట్టే తనిఖీ) ఉంటుందా? లైన్ కోడ్ (బిట్లను తీగ మీద విద్యుత్ సంకేతాలుగా పంపే పద్ధతి) హెచ్‌డీబీ3 కదా? టీ1 అయితే ఫ్రేమింగ్ ఈఎస్ఎఫ్, లైన్ కోడ్ బీ8జెడ్ఎస్ కదా?
- చివర్లో ఇచ్చే కనెక్టర్ ఏది? 120 ఓమ్‌ల ఆర్‌జే45 సాకెట్టా, 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుళ్ల జతా?
- వచ్చే కాల్‌లో డయల్ చేసిన నంబరులోని ఎన్ని అంకెలు పంపుతారు? వెళ్లే కాల్‌లో ఏయే నంబర్లు చూపించనిస్తారు?
- ఈ సేవ ఎంతకాలం కొనసాగుతుంది?

సీఆర్‌సీ4 ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ తలనొప్పి తెచ్చేది అదే. అటు ఉండి ఇటు లేకపోతే లైను వచ్చినట్టే వచ్చి అలారాలు చూపిస్తుంది, కేబుల్ చెడిపోయిందేమోనని రోజంతా కేబుల్‌ను మారుస్తూ కూర్చుంటారు. కనెక్టర్ సంగతి సులువు. కోయాక్సియల్ జత ఇచ్చి, మీ పరికరానికి ఆర్‌జే45 మాత్రమే ఉంటే మధ్యలో బేలన్ అనే చిన్న ముక్క పెడితే చాలు. అయితే లైను వేసే రోజుకే అది చేతిలో ఉండాలి.

చివరి ప్రశ్నను మొహమాటపడకుండా అడగండి. చాలా దేశాలు పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను మూసేసి అంతా ఐపీ మీదికి మారుస్తున్నాయి. బ్రిటన్‌లో ఐఎస్‌డీఎన్ (పీఆర్ఐ ఈ కోవలోదే) లైన్ల కొత్త అమ్మకాలు 2023 సెప్టెంబరులోనే ఆగిపోయాయి. పాత నెట్‌వర్క్ పూర్తి మూసివేతకు 2027 జనవరిని గడువుగా పెట్టుకున్నారు. మీ దగ్గర ఇంకా పదేళ్లు నడుస్తుందనుకుంటే ఒక రకంగా, మూడేళ్లలో సిప్ ట్రంక్‌కు (ఐపీ నెట్‌వర్క్ మీద వచ్చే ఫోను లైనుకు) మారాల్సి వస్తుందనుకుంటే ఇంకో రకంగా కొనాలి.

3. కార్డా, గేట్‌వేనా

ఆస్టరిస్క్ వంటి సాఫ్ట్‌వేర్ పీబీఎక్స్‌లు మొదలైన రోజుల నుంచి సర్వర్‌లో కార్డు పెట్టడమే అలవాటైన దారి. కార్డులను నడిపే డ్రైవర్ల పేరు మొదట జాప్టెల్, 2008లో డాహ్‌డీగా మారింది. కార్డు ధర తక్కువ. మధ్యలో మరో పెట్టె ఉండదు, మాట చేరడంలో ఆలస్యమూ తక్కువే. ఒకే సర్వర్, ఒకే ఈ1, లినక్స్ బాగా తెలిసిన మనిషి ఆఫీసులోనే ఉంటే ఇప్పటికీ కార్డు చక్కటి ఎంపికే.

అయితే కార్డు వెంట వచ్చే బాధ్యతలు చూడండి. పాత పీసీఐ కార్డుల్లో 5 వోల్టులవి, 3.3 వోల్టులవి వేరు. స్లాట్ గాడి కలవకపోతే లోపలికి దిగదు. ఇప్పటి సర్వర్లలో ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని పాత కార్డు కొన్నవారికి అది పెట్టడానికి చోటే దొరకదు. ర్యాక్‌లో పెట్టే సన్నటి సర్వర్ అయితే కార్డు ఎత్తు, వెనుక పట్టీ సైజు కూడా చూసుకోవాలి. పీబీఎక్స్‌ను వర్చువల్ మెషీన్‌లో నడపాలనుకుంటే కార్డును దానికి అప్పగించడం ఒక పెద్ద పని, అప్పగించాక ఆ మెషీన్‌ను ఇంకో సర్వర్‌కు సులభంగా జరపలేరు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ మారిన ప్రతిసారీ డ్రైవర్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ జరిగి ఉదయం ఒక్క కాల్ రాని ఆఫీసుల కథ వెనుక ఉండేది ఎక్కువగా ఇదే. అన్నిటికన్నా ముఖ్యం, సర్వర్ పడిపోతే లైను కూడా దానితోనే పోతుంది.

గేట్‌వేకు ఒక వైపు ఈ1 లేదా టీ1 పోర్టు, మరో వైపు ఈథర్నెట్ పోర్టు. అది పీబీఎక్స్‌తో సిప్‌లో (ఐపీ మీద కాల్స్ కుదిర్చే పద్ధతిలో) మాట్లాడుతుంది. పీబీఎక్స్ ఏ సర్వర్‌లో ఉందో, వర్చువలా కాదా అన్నది దానికి అనవసరం. మొదటి పీబీఎక్స్ పలకకపోతే కాల్స్‌ను రెండో దానికి పంపమని చెప్పవచ్చు. రేపు టెలికాం సంస్థ ఈ1 తీసేసి సిప్ ట్రంక్ ఇస్తే, పీబీఎక్స్‌లో ట్రంక్ చిరునామా మార్చుకుంటే పని అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్లు, క్యూలు, మెనూలు ఏవీ కదలవు. కార్డు అయితే సర్వర్ తెరవాలి, డ్రైవర్లు తీయాలి, కాన్ఫిగరేషన్ తిరగరాయాలి. గేట్‌వే ధర ఎక్కువ, మాటను ప్యాకెట్లుగా కట్టడం వల్ల కొన్ని పదుల మిల్లీసెకన్ల ఆలస్యం కూడా చేరుతుంది. అయినా పెరగాలనుకునే వ్యాపారానికి నా ఓటు గేట్‌వేకే. లైను రకం ఎప్పుడైనా మారవచ్చు. ఆ మార్పు తాకిడి పీబీఎక్స్ దాకా రాకుండా ఆపేది అదే.

గేట్‌వే కొనేటప్పుడు డేటా షీటులో "గరిష్ఠ కాల్స్" అన్న అంకె దగ్గర ఆగిపోకండి. ఆ అంకె ఏ కోడెక్‌కు (మాటను డిజిటల్ రూపంలోకి మార్చే పద్ధతికి) వర్తిస్తుందో అడగండి. జీ.711తో 60 కాల్స్ నడిపే పెట్టె, మాటను ఎక్కువగా కుదించే జీ.729 వాడితే అన్నీ నడపలేకపోవచ్చు, ఎందుకంటే మాటను కుదించే పని లోపలి డీఎస్‌పీ చిప్‌ల మీద పడుతుంది. అలాగే ఛానళ్లను లైసెన్సుతో తెరిచే పద్ధతి ఉందేమో చూడండి. పోర్టులు నాలుగు కనిపిస్తాయి, పనిచేసేది ఒకటే, మిగతావాటికి విడిగా కట్టాలి. ఇది తప్పేమీ కాదు, పెరిగినప్పుడే డబ్బు కట్టే వెసులుబాటు కూడా. కాకపోతే ఆ లైసెన్సు ధర ఈరోజే కొటేషన్‌లో రాయించుకోండి.

4. ప్రతిధ్వని సంగతి

డిజిటల్ లైనులో ఎకో ఉండదు అనేవారిని నమ్మకండి. మీ ఈ1లో రానుపోను దారులు విడివిడిగా ఉంటాయి, కాబట్టి అక్కడ పుట్టదు. కానీ మీరు ఫోన్ చేసిన మనిషి ఇంట్లో పాత రెండు తీగల లైను ఉంటే, నాలుగు తీగలు రెండుగా మారే హైబ్రిడ్ దగ్గర మీ గొంతు కొంత వెనక్కి తిరుగుతుంది. ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే అయితే చెవికి తేడా తెలియదు. మీ ఐపీ ఫోన్లు, నెట్‌వర్క్ కలిసి ఆ ఆలస్యాన్ని పెంచేసరికి అదే గొంతు విడిగా వినిపిస్తుంది. పాత పీబీఎక్స్‌తో ఏళ్ల తరబడి లేని ఎకో కొత్త వ్యవస్థ పెట్టిన రోజే పుట్టుకు రావడానికి కారణం ఇదే.

అందుకే కార్డు కొన్నా, గేట్‌వే కొన్నా హార్డ్‌వేర్ ఎకో క్యాన్సిలర్ ఉన్నదే కొనండి. అది ఐటీయూ-టీ జీ.168 ప్రమాణానికి సరిపోవాలి. టెయిల్ పొడవు (ఎంత ఆలస్యంగా తిరిగొచ్చే ఎకో వరకు తుడవగలదో ఆ కొలత) 128 మిల్లీసెకన్లు ఉంటే నిశ్చింత. కార్డుల్లో క్యాన్సిలర్‌ను చిన్న అదనపు మాడ్యూల్‌గా అమ్ముతుంటారు. ఒకే కార్డు రెండు ధరల్లో కనిపిస్తే తేడా బహుశా అక్కడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ క్యాన్సిలర్‌తో నెట్టుకురావచ్చు గానీ ముప్పై కాల్స్‌కు ఒకేసారి ఆ పని చేయాలంటే సర్వర్ ప్రాసెసర్ మీద భారం పడుతుంది, అదీ సరిగ్గా రద్దీ గంటలో.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఎవరికి ఎకో వినిపిస్తోందో ముందు అడగండి. మీ ఉద్యోగికి తన గొంతే తిరిగి వినిపిస్తుంటే సమస్య అవతలి వైపు హైబ్రిడ్‌లో ఉంది, దాన్ని తుడిచేయాల్సింది మీ క్యాన్సిలర్. అవతలి మనిషికి తన గొంతు వినిపిస్తుంటే మీ వైపు స్పీకర్ ఫోనునో, హెడ్‌సెట్‌నో అనుమానించండి. రెండో దానికి ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఉపయోగం ఉండదు.

5. గడియారం ఒక్కటే ఉండాలి

డిజిటల్ లైనులో ప్రతి ఛానల్ సెకనుకు 8000 నమూనాలు పంపుతుంది. రెండు చివరలూ ఒకే వేగంతో లెక్కపెట్టాలి. మామూలుగా క్లాక్ టెలికాం సంస్థ ఇస్తుంది, మీ పరికరం దాన్ని అనుసరిస్తుంది. రెండూ ఎవరి క్లాక్ వారు నడుపుకుంటే ఏమవుతుందో చూడండి. రెండు గడియారాల మధ్య తేడా పది లక్షల్లో 50 వంతులే అనుకున్నా, సెకనుకు 8000 ఫ్రేముల (అన్ని ఛానళ్ల ఒక్కో నమూనా కలిసిన కట్టల) చొప్పున ప్రతి రెండున్నర సెకన్లకు ఒక ఫ్రేము జారిపోతుంది. మాటలో అది చిన్న టిక్కుమనే శబ్దం, చాలామంది పట్టించుకోరు. ఫ్యాక్సుకు మాత్రం అది చావుదెబ్బ. కాల్స్ బాగానే ఉన్నాయి, ఫ్యాక్సు మాత్రం సగం పేజీ దగ్గర ఆగిపోతోంది అంటే మోడెమ్‌ను తిట్టే ముందు స్లిప్ కౌంటర్ (జారిన ఫ్రేముల లెక్క) చూడండి.

రెండు వేర్వేరు సంస్థల ఈ1లు ఒకే కార్డుకు కలిపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఒకటి ప్రధాన క్లాక్, రెండోది దానికి ప్రత్యామ్నాయం అని వరుస పెట్టాలి. కొన్ని కార్డుల్లో పోర్టులన్నిటికీ ఒకే క్లాక్ ఉంటుంది, కొన్నిటిలో పోర్టు పోర్టుకూ విడిగా ఉంటుంది. రెండు సంస్థల లైన్లు పెట్టే ఆలోచన ఉంటే అమ్మేవారిని అడగాల్సిన ప్రశ్న ఇది. ఆ ప్రశ్నకు తడుముకున్నవారి దగ్గర కొనకపోవడమే మేలు.

6. ఎంత పెద్దది కొనాలి

ఇప్పటి లెక్కకు ఒక పోర్టు సరిపోతే రెండు పోర్టుల పరికరం కొనడం సబబు. రెండో పోర్టు పెరుగుదలకు, అత్యవసరానికి, పరీక్షలకు పనికొస్తుంది. ఒకటి సరిపోయేచోట నాలుగు పోర్టులు మాత్రం వద్దు. మీకు మూడో లైను అవసరమయ్యే నాటికి అది ఈ1గా కాక సిప్ ట్రంక్‌గానే వచ్చే అవకాశం ఎక్కువ. రెండు లైన్లు తప్పనిసరి అయిన సంస్థకు రెండు పోర్టుల గేట్‌వే ఒకటి కొనడం కన్నా, ఒక్కో పోర్టువి రెండు కొని రెండు యూపీఎస్‌లకు కలిపితే ఒకటి పోయినా సగం కాల్స్ నిలుస్తాయి.

గేట్‌వే పెడితే నెట్‌వర్క్ లెక్క కూడా వేసుకోవాలి. జీ.711 కాల్ ఒకటి 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లతో సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కో దానిలో మాట 160 బైట్లు, దానిపై చేరే హెడర్లు (చిరునామా వివరాలు) 40, ఈథర్నెట్ కోసం మరో 18. మొత్తం కలిపి ఒక్కో దిశలో సెకనుకు 87.2 కిలోబిట్లు. ముప్పై కాల్స్‌కు 2.6 మెగాబిట్లు దాటుతుంది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌కు ఇది లెక్కలోనిది కాదు. పీబీఎక్స్ క్లౌడ్‌లో ఉంటే మాత్రం ఇంటర్నెట్ లైను అప్‌లోడ్ వేగంలో ఈ మేరకు పక్కన పెట్టి, స్విచ్చులు, రూటర్లలో మాటల ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. జీ.729కు దిగితే కాల్‌కు 31.2 కిలోబిట్లతో సరిపోతుంది గానీ నాణ్యత తగ్గుతుంది, పైన చెప్పిన డీఎస్‌పీ పరిమితి ఎదురొస్తుంది. ఫ్యాక్సు అయితే దాని గుండా అసలు పోదు, టీ.38 (ఐపీ మీద ఫ్యాక్సు పంపే పద్ధతి) ఉన్న గేట్‌వే చూసుకోండి.

7. డబ్బు పూర్తిగా కట్టే ముందు

లైను రాకముందే పోర్టును పరీక్షించవచ్చు. ఆర్‌జే45 ప్లగ్గులో 1వ తీగను 4కు, 2వ తీగను 5కు కలిపి పోర్టులో పెట్టండి. పరికరం తన సంకేతాన్ని తానే వింటుంది. అలారం పోయి దీపం పచ్చగా మారితే పోర్టు బాగున్నట్టే. రేపు లైను రాకపోతే తప్పు ఎవరిదన్న వాదనకు ఈ చిన్న ప్లగ్గు మంచి సాక్ష్యం.

లైను వచ్చాక అన్ని ఛానళ్లనూ ఒకేసారి నింపి చూడండి. సిబ్బంది అందరినీ ఒకే సమయంలో మొబైల్ నుంచి ఆఫీసు నంబరుకు చేయమంటే సరి. పదిహేనో కాల్ దగ్గర ఆగితే ఛానళ్లు సగమే తెరిచారని అప్పుడే బయటపడుతుంది. ఒక కాల్‌ను అరగంట దాటేవరకు వదిలేయండి. సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యమధ్య సరిచూసే ఏర్పాటు) పొరపాట్లు ఉంటే సరిగ్గా అలాంటి చోట కాల్ తెగుతుంది. అవతలి ఆటోమేటిక్ మెనూల్లో అంకెలు నొక్కి అవి చేరుతున్నాయో లేదో చూడండి. కాలర్ నంబరు సరిగా కనిపిస్తోందా, మీ నంబరు అవతల సరిగా చూపిస్తోందా, అత్యవసర సేవల నంబరుకు దారి తెరిచి ఉందా అన్నవీ రాసుకోండి. తర్వాత కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. ఎవరూ చేయి పెట్టకుండా లైను తనంతట తాను రావాలి. యూపీఎస్‌కు గేట్‌వే ఒక్కటే కలిపి, టెలికాం సంస్థ గోడకు బిగించిన మోడెమ్‌ను మామూలు సాకెట్‌లో వదిలేయడం తరచూ జరిగే పని. దాన్నీ చూసుకోండి.

గేట్‌వే నిర్వహణ పేజీని ఇంటర్నెట్‌కు తెరవకండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి. మీ లైన్ల మీద దొంగతనంగా విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మీ నెత్తిన వేసే ముఠాలు ఎక్కువగా శని, ఆదివారాల్లో, రాత్రిపూట పనిచేస్తాయి. అంతర్జాతీయ కాల్స్ అవసరం లేకపోతే వాటిని టెలికాం సంస్థ దగ్గరే ఆపించండి.

అన్నీ కుదిరాక కాన్ఫిగరేషన్ ఫైలు ఒక ప్రతి ఆ పెట్టెలో కాకుండా ఇంకెక్కడైనా దాచండి. లైను సర్క్యూట్ నంబరును, ఫిర్యాదుల విభాగం ఫోను నంబరును కేబుల్ మీదే లేబుల్‌గా అంటించండి. ఆ ఫిర్యాదుల నంబరుకు చేయడానికి ఆఫీసు లైను మీద ఆధారపడని మొబైల్ ఒకటి ర్యాక్ గది బాధ్యుల దగ్గర ఎప్పుడూ ఛార్జింగ్‌తో ఉండాలి.